ఫానో రెండో కాన్పు

అబ్దెరా రేవులో ఫానోను ఎరగనివాళ్ళు లేరు. ఆవిడ నోటిని ఎరగనివాళ్ళు అసలే లేరు. ఓడల్లోంచి దిగిన బార్లీని జల్లెడ పట్టి ఇవ్వడం ఆవిడ పని. మొగుడు చనిపోయిన ఏడాది పట్టుకున్న జల్లెడను నడుం వంగాక కూడా వదల్లేదు. ఆ రెక్కల కష్టంతోనే ఒక్కగానొక్క కొడుకు మాండ్రోన్‌ను పెంచింది, ఓడ పనిలో పెట్టింది, క్లేనో అనే నెమ్మదైన పిల్లను తెచ్చి పెళ్ళి చేసింది. ఎవరికీ జంకని మనిషి. అలాంటి ఫానోకు ఆ చలికాలం భయం పట్టుకుంది.

మాండ్రోన్ ఎక్కిన ఓడ ఆకులు రాలే వేళకు తిరిగి రావాలి. రాలేదు. చలిగాలులు మొదలయ్యాక ఒక చెక్క పలక ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దారి చూస్తుందని ఓడ ముక్కు మీద కన్ను రాస్తారే, ఆ కన్నున్న పలక. దాని చుట్టూ నల్లగీత దిద్దింది మాండ్రోనే. ఫానో చూడగానే గుర్తుపట్టింది.

అప్పటినుంచి ఒకటే కల. కొడుకు తడిబట్టలతో గడపలో నిలబడి నోరు తెరుస్తాడు. మాట రాదు. ఆవిడ ఉలిక్కిపడి లేచేసరికి తన గొంతే పిడచకట్టుకుపోయి ఉండేది. వాడికి దాహం వేస్తోంది, ఇంకేముంటుంది? శవం మీద పిడికెడు మట్టి పడనివాడికి అవతలి లోకంలో గొంతు తడిపేవాళ్ళు ఉండరని పసిపిల్లలకు కూడా తెలుసు.

శవం దొరకనివాళ్ళకు ఖాళీ గుంటలో వాళ్ళ బట్ట పెట్టి పూడ్చే ఆచారం ఉంది. కానీ వాడు బతికే ఉంటే? కర్మ జరిగాక తిరిగొచ్చిన మనిషిని ఊరు బతికున్నవాడిగా చూడదు. పొయ్యి దగ్గరికి రానివ్వదు, గుడి మెట్టు ఎక్కనివ్వదు, ఇంటి కుండలో నీళ్ళు ముట్టనివ్వదు. చేయిస్తే ఒక భయం, చేయించకపోతే ఒక భయం. ఫానోకు తిండి సయించడం మానేసింది.

పక్కింటి స్కిమ్నోస్ జల్లెడలు అల్లుతాడు. అల్లకం తక్కువ, సంత చావడిలో కూర్చుని పెద్దవాళ్ళ వాదనలు వినడం ఎక్కువ. కోయడానికి వీల్లేనంత చిన్న నలుసులూ, వాటి మధ్య ఖాళీ, అంతే, ఈ లోకంలో ఇంకేమీ లేదనేవాళ్ళు ఆ ఊళ్ళో కొందరుండేవారు. అవన్నీ మోసుకొచ్చి ఇతను ఫానో చెవిలో పోసేవాడు.

"వదినా, కలంటే ఏంటనుకున్నావ్? ప్రతి దాని ఒంటి మీంచీ పొరలు లేస్తుంటాయంట. ఉల్లిపొర కూడా వాటి ముందు మందమే. గాల్లో తిరిగి తిరిగి, పడుకున్నోళ్ళ ఒంట్లో దూరతాయి. అదే కల. పొర వచ్చిందంటే, అది ఊడటానికి అక్కడ మనిషున్నట్టేగా!"

"ఎప్పుడు ఊడింది? నిన్నా, మునగక ముందా?"

స్కిమ్నోస్ గడ్డం గోక్కున్నాడు. "అది... పొర చెప్పదు."

"చెప్పనప్పుడు దాన్ని తెచ్చి నా నెత్తినెందుకు రుద్దుతావ్!"

అతను తగ్గలేదు. జల్లెడలోంచి లేచిన దుమ్ము ఎండపొడలో ఆడుతుంటే వేలు పెట్టి చూపించాడు. "ప్రాణం కూడా ఇలాంటి నలుసులేనంట వదినా. ఉన్నన్నాళ్ళూ ఒంట్లో ఆడతాయి, పోతే చెదిరిపోతాయి. చెదిరిపోయినోడికి దాహమేంటి? గొంతేది? తొందరపడకు, ఇంకొన్నాళ్ళు చూడు."

ఫానో జల్లెడ కింద పెట్టింది. "నువ్వల్లిన జల్లెడ చిరిగితే ఇంకోటి తెచ్చుకుంటా. నీ మాట తప్పయితే నా బిడ్డ దాహంతో అల్లాడతాడు. ఆ దాహం నువ్వు పడతావా?"



మంచు పడుతుండగా ఊరి గోడ అవతల గుంట తవ్వించింది. గుంటలో పెట్టడానికి మాండ్రోన్ కంబళి కావాలి. క్లేనో దాన్ని గుండెకు హత్తుకుని, "ఇంకొంచెం చూద్దాం అత్తా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అంది. ఫానో ఆ పిల్ల చేతుల్లోంచి లాక్కుంది. ద్రాక్షసారా పోసింది, తేనె పోసింది, తన జుట్టు కత్తిరించి వేసింది, గుంటలోకి వంగి కొడుకును పేరు పెట్టి పిలిచింది. ఆ రాత్రితో కల ఆగిపోయింది. గొంతు తడిసిందనుకుని కాస్త ఊపిరి పీల్చుకుంది గానీ, అది ఎన్నాళ్ళో నిలవలేదు. పొరలు రావడం ఆగిందంటే ఏమిటి అర్థం? ఈ ప్రశ్న స్కిమ్నోస్‌ను అడగడానికి కూడా భయపడింది.

చలి విరిగాక ఒక మిట్టమధ్యాహ్నం, అత్తాకోడళ్ళు పెరట్లో బార్లీ జల్లెడ పడుతుండగా గడపలో నీడ పడింది. గడ్డం మాసి, ఒక కాలు ఈడుస్తూ, కర్ర ఊతంతో ఒక మనిషి. ఒడ్డున పడినవాణ్ణి కొండవాళ్ళు పట్టుకుపోయి గొర్రెలు కాయించారట, ఆ సంగతి తరవాత తెలిసింది. అప్పుడు మాత్రం అతను నోరు తెరిచాడు.

"అమ్మా... నీళ్ళు."

క్లేనో కెవ్వుమని, చెంబు ముంచుకుని పరిగెత్తింది.

"ఆగు! ఇవ్వకు!" అని అరిచింది ఫానో.

తనే అరిచానని ఆవిడకే నమ్మకం కలగలేదు. ఎవరి దాహానికి భయపడి అంత పని చేసిందో, వాడు ఎదురుగా నిలబడి నీళ్ళడుగుతున్నాడు. ఆ చేసిన పని వల్లే ఇవ్వడానికి లేదు. ఎదురింటి తలుపు దడాలున మూసుకుంది.

అల్లుతున్న జల్లెడతోనే స్కిమ్నోస్ పరిగెత్తుకొచ్చాడు. "ఇచ్చెయ్ వదినా! చెదిరిన నలుసులు మళ్ళీ అచ్చం ఇలా కూడవు. వీడు చావలేదు!"

"నేను పూడ్చాను" అంది ఫానో.

ఇలాంటివాణ్ణి ఊళ్ళో కలుపుకోవడానికి ఒకటే దారి. మళ్ళీ పుట్టాలి. పసిబిడ్డలా కడగాలి, చుట్టాలి, పాలివ్వాలి. దానికి ముసలమ్మలంతా కూడి మంచి రోజు చూస్తారు. అందాకా గోడ అవతల ఉండాలి. ఫానో కొడుకు పెదాలు చూసింది. తెల్లగా పగిలి ఉన్నాయి.

"మంచి రోజూ లేదు, చెడ్డ రోజూ లేదు. ఇప్పుడే కంటాను. బట్టలు విప్పు."

"అమ్మా, వీధంతా చూస్తోంది!"

"చూడనీ. మొదటిసారి మాత్రం కట్టుకునొచ్చావా?"

క్లేనో ఏడుస్తూనే నీళ్ళు పోసింది. పెదాల మీద పడిన చుక్కను అతను నాకబోతే ఫానో అరచేత్తో నోరు మూసింది. బార్లీ ఆరబోసే దుప్పట్లో చుట్టి, తల ఒడిలో పెట్టుకుని, ఎండిపోయిన రొమ్ము అందించింది. గడ్డం గుచ్చుకుంది. అతను కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

బిడ్డను పొయ్యి చుట్టూ తిప్పాల్సింది తండ్రి. తండ్రి లేడు గనక స్కిమ్నోస్ ఎత్తుకున్నాడు. "వీడి నలుసులన్నీ ఎముకల్లోనే చేరాయి" అని రొప్పుతూ ఎలాగో తిప్పాడు.

ఇక పేరు పెట్టాలి. ఆ పేరును ఫానో చివరిసారి గుంటలోకి పిలిచింది. ఇప్పుడు పిలిస్తే వీడు పలకకపోతే?

"మాండ్రోన్" అంది, తనకే వినపడనంత మెల్లగా.

ఎవరూ పలకలేదు. పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"మాండ్రోన్!"

"ఆఁ, అమ్మా."

ఫానో చెంబు అందుకుంది, క్లేనో కూడా దానికి చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసే తాగించారు. అతని గొంతు కదులుతున్నంతసేపూ ఫానో దాన్నే చూస్తూ ఉండిపోయింది.

తాగి, దుప్పటి దగ్గరికి లాక్కున్నాడు. "చలేస్తోందమ్మా. నా కంబళి ఏదీ?"

ఎవరికైనా ఠక్కున జవాబిచ్చే ఫానోకు మాట రాలేదు. నోరు తెరిచి అలాగే కూర్చుంది.

క్లేనో అత్త వైపు చూడలేదు. మొగుడి తల తుడుస్తూ, "ఉతికాను. ఇంకా ఆరలేదు" అంది.