రాత్రి రెండింటి ఆర్డరు

చెల్లికి ఉద్యోగం వచ్చినప్పుడు నేను కళ్ళలో నిప్పులు పోసుకున్న మాట నిజం. దానికి జావాస్క్రిప్టు నేర్పింది నేనే. ఫంక్షన్ అంటే ఒక పనిని ఒక్కసారి రాసి పేరు పెట్టుకోవడమనీ, ఆ పేరుతో ఎక్కడ పిలిస్తే అక్కడ ఆ పని చేసిపెడుతుందనీ మా రైల్వే క్వార్టర్ వంటింట్లో కూర్చోబెట్టి మరీ చెప్పాను.

మేముండే హిందీ ఊళ్ళో, తెలిపారా అనే పేటలో ఒక చిన్న ఆఫీసు, ఒకటే ఖాళీ. ఇద్దరం వెళ్ళాం. రైలు డ్రైవర్లకు భోజనం పంపే మెస్సు ఒకదానికి వాళ్ళు వెబ్‌సైటు చేస్తున్నారు. ఆర్డరు పెట్టిన సమయం ఇస్తే, అది ఏ రోజు వంటలోకి వెళ్ళాలో చెప్పే ఫంక్షన్ రాయమన్నారు.

మా నాన్న గూడ్సు బండి నడుపుతాడు. ఆయన డ్యూటీ దిగి, తిని, పడుకుంటేగానీ మా ఇంట్లో రోజు అయిపోదు. అందుకే నా ఫంక్షన్ రాత్రి రెండింటి ఆర్డరుని ఇంకా నడుస్తున్న ముందు రోజు వంటలోనే వేసింది. చెల్లి క్యాలెండరు చూసి, పన్నెండు దాటితే కొత్త రోజేనని రాసింది. "తారీఖ్ గలత్ హై" అంటూ, తేదీ తప్పని నాది పక్కన పెట్టేశారు. అదే ఇంట్లో తిని పెరిగిన పిల్లకి ఆ ముక్క తట్టలేదు, ఉద్యోగం మాత్రం దొరికింది.

సైటు మొదలైన వారంలోనే గొడవ. అర్ధరాత్రి దాటాక ఆర్డరు పెట్టిన వాళ్ళ రొట్టెలు మర్నాటి వంటలో చేరాయి. డ్రైవర్లు పస్తులున్నారు. చెల్లి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నీ ఫంక్షన్ ఓపాలి ఇయ్యవా? మా ఆఫీసోళ్ళు బాగా గుస్సా మీదున్నారు."

"ఏటి, క్యాలెండరు చిరిగిపోయిందా?" అన్నాను. అన్నానేగానీ ఇచ్చాను. ఇవ్వకపోతే అమ్మ ఊరుకోదు.

చెల్లి ఆ సైటు పేజీల్లో నాలుగు చోట్ల తన ఫంక్షన్‌ని పిలుస్తోంది. పేరు అలాగే ఉంచి లోపల నా లెక్క పెట్టేసరికి నాలుగు చోట్లా సర్దుకుంది. పని నాది, పేరు దానిది.

ఆదివారం భోజనం దగ్గర నాన్న, "ఇంజన్ల షెడ్‌లో అందరూ చిన్నదాన్నే మెచ్చుకుంటన్నారు" అన్నాడు.

"ఆ ఫంక్షన్ నాది నాన్నా."

"అచ్ఛా. అక్కచెల్లెళ్ళకి నీదీ నాదీ ఏటే?"

"అయితే రేపట్నుంచి దాని డ్యూటీకి నేనెల్తాను" అన్నాను.

చెల్లి నా వైపు చూడకుండా నాన్న పళ్ళెంలో చారు పోసింది. నీదీ నాదీ ఏటన్న నాన్న కూడా వెళ్ళమనలేదు.