ఎడమచేతి ఉత్తరాలు

మా బావ పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. అలాంటివాడు పదిహేనేళ్ళపాటు ఊళ్ళోవాళ్ళ చేత దానాలు చేయించి బతికాడు. పనిచేసేచోట అందరూ అతన్ని వెనకాల 'జోలె' అనేవారు. ఆ సంగతి అతనికి తెలుసు. తెలిసి సిగ్గుపడకపోగా, పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళకు తనే చెప్పి నవ్వేవాడు. మా అక్కను చేసుకున్నాడు కాబట్టి నేనూ ఆ నవ్వులో నవ్వు కలిపేవాణ్ణి.

అంతకుముందు అతను ఇల్లిల్లూ తిరిగి నీళ్ళు వడకట్టే యంత్రాలు అమ్మేవాడు. ఆ కంపెనీ మూతపడ్డాక, వినికిడి లేని పిల్లల హాస్టలు ఒకటి విరాళాలు పోగుచేసే మనిషి కావాలంటే చేరాడు. హాస్టలు నిజమైనదే. రెండంతస్తుల పాత ఇల్లు, అరవైమంది పిల్లలు, వాళ్ళకు సైగలతో పాఠాలు చెప్పే నలుగురు టీచర్లు, వేళ తప్పకుండా వండిపెట్టే వంటామె. వీళ్ళెవరిలోనూ వంక పెట్టడానికి లేదు. కుళ్ళంతా వీధి వైపున్న ముందు గదిలో ఉండేది. అక్కడ ఒక బల్ల, ఒక ఫోను, ఒక ఇనుప బీరువా, మా బావ.

నాది ఆ వీధి చివర చిన్న అచ్చు దుకాణం. హాస్టలువాళ్ళ ఉత్తరాలన్నీ నా దగ్గరే అచ్చయ్యేవి. అందుకే నేను చెప్పేది విన్న మాట కాదు, చూసిన మాట.

పని తెలియనివాడని మాత్రం బావను అనలేను. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాడు. చందా ఇచ్చిన ప్రతి మనిషికీ ఒక అట్టముక్క రాసి పెట్టుకున్నాడు. ఎవరికి మోకాళ్ళ నొప్పి, ఎవరి కూతురికి పురుడొచ్చింది, ఎవరి పెంపుడు కుక్క పోయింది, అన్నీ అందులో ఉండేవి. చందా అందిన రెండు రోజుల్లోపు ఫోను చేసి కృతజ్ఞతలు చెప్పేవాడు. మొదటిసారే పెద్ద మొత్తం అడిగేవాడు కాదు. నెలనెలా టీ ఖర్చంత ఇస్తే చాలనేవాడు. ఫోనులో గొంతు వణికించేవాడు. వణికిస్తూనే రెండో చేత్తో చెవి గోక్కునేవాడు. అదీ చూశాను.

"అరవైమంది పిల్లలున్నారంటే ఎవడికీ ఏడుపు రాదు బావమరిదీ. ఒక్క పిల్లను చూపించు, అప్పుడొస్తుంది," అనేవాడు.

ఆ ఒక్క పిల్లను అతను రెండో ఏడాదే పట్టుకున్నాడు. మూడో తరగతి చదివే అమ్మాయి. ముందు పన్ను ఊడి, చెంప మీద కన్నీటి చార ఉన్న ఫోటో. ఆ ఫోటో వేసి పంపిన ఉత్తరానికి వచ్చినంత సొమ్ము ఆ హాస్టలు పుట్టాక ఎన్నడూ రాలేదు. అప్పటినుంచీ దాతలందరికీ ఆ పిల్లే కావాలి. ఆమె నుంచి ఉత్తరాలు కావాలి. మొదట్లో ఒకటి రెండు ఆ పిల్ల చేతనే రాయించాడు. తరువాత ఆ పిల్లకు విసుగొచ్చింది, ఆపైన పన్ను మొలిచింది, పై తరగతులకు వెళ్ళింది, చివరకు చదువు ముగించి హాస్టలు విడిచిపోయింది. ఉత్తరాలు మాత్రం ఆగలేదు.

వాటిని బావే రాసేవాడు, బీరువా పక్కన కిటికీ దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో. ఎడమ చేతి రాత వంకర టింకరగా చిన్నపిల్ల రాసినట్టే వచ్చేది. అక్కడక్కడ కావాలని ఒత్తులు ఎగ్గొట్టేవాడు. పది నమూనాలు రాసి నాకిస్తే, నేను వాటిని నీలి సిరాతో అచ్చువేసేవాణ్ణి. పైన దాత పేరొక్కటీ అతను మళ్ళీ ఎడమ చేత్తో నింపేవాడు. అన్ని ఉత్తరాల్లోనూ ఆ పిల్ల మూడో తరగతే. ఒకసారి ఉండబట్టలేక, నాలుగో తరగతికైనా పంపు బావా అన్నాను.

"పన్ను మొలిస్తే చందా ఊడుతుంది," అన్నాడు.

పదమూడేళ్ళు ఆ పిల్ల మూడో తరగతిలోనే ఉండిపోయింది. వందలమంది దాతలు ఆ ఉత్తరాలు చదివారు. డాక్టర్లున్నారు, ప్లీడర్లున్నారు, సొంత పిల్లలకు ఒక్క మార్కు తగ్గితే బడి మీదికి యుద్ధానికి వెళ్ళేవాళ్ళున్నారు. ఒక్కరికీ అనుమానం రాలేదు. వాళ్ళు చదివింది పైన ఉన్న తమ పేరు, కింద ఉన్న పొగడ్త. కొందరు ఆ కాగితాన్ని అద్దం కట్టించి, వచ్చినవాళ్ళ కంటపడేలా హాల్లో తగిలించుకున్నారు. బావ వాళ్ళకు జాలి అమ్మాడు, వాళ్ళు తమ మంచితనాన్ని చవగ్గా కొనుక్కున్నారు. దొందూ దొందే.

చివరికి ఆ లెక్క తప్పిందని పట్టుకున్నది ఒక లెక్కల టీచరు. ఉద్యోగ విరమణ చేసి పింఛనులోంచి నెలనెలా కొంత పంపే మనిషి. పొట్టిగా, బక్కగా, మెడలో కళ్ళజోడు గొలుసుతో ఉండేది. ఆమె ఉత్తరాలు చదివి పారేసే రకం కాదు. చందా మొదలుపెట్టిన ఆరేళ్ళవీ తేదీల వారీగా దారం గుచ్చి దాచింది. ఒకరోజు ఫోను చేసి, పాప ఆరేళ్ళుగా ఒకే తరగతిలో ఉందేమిటి, ఏ పాఠం కష్టంగా ఉందని అడిగింది. కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో బావకు ఆ రోజు తెలియలేదు. లెక్కలండీ, పాపం లెక్కలే రావడం లేదు అన్నాడు.

సోమవారం పొద్దున ఆమె హాస్టలు ముందు బస్సు దిగింది. సంచిలో రెండు పలకలు, ఎక్కాల పుస్తకం, మధ్యాహ్నానికి భోజనం డబ్బా. పాపకు లెక్కలు చెప్పడానికి వచ్చానంది. పాపకు జ్వరం అన్నాడు బావ. తగ్గేదాకా ఉంటానని గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం వెళ్ళి మర్నాడు మళ్ళీ వచ్చింది. మంగళవారం పాప ఆసుపత్రిలో ఉందన్నాడు. ఏ ఆసుపత్రి అంటే బీరువా తెరిచి కాగితాలు సర్దసాగాడు. బుధవారం ఆమె తలుపు తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది.

అప్పుడు బావకు ఒక తెలివి పుట్టింది. లోపలికి వెళ్ళి, అయిదో తరగతి పిల్లను ఒకదాన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఫోటో పాతదండీ, పాప ఈ పిల్లే అన్నాడు. అచ్చయిన కట్టలు ఇవ్వడానికి వెళ్ళి నేనప్పుడు అక్కడే ఉన్నాను. టీచరు ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పలక మీద ఒక భాగహారం వేసింది. పిల్ల చిటికెలో చేసేసింది. ఇంకోటి, ఇంకా కష్టమైనది వేసింది. అదీ చేసి, ఇంకా ఉన్నాయా అన్నట్టు చూసింది. టీచరు పలక అందుకుని జవాబు సరిచూసింది. తరువాత చెరిపి, పెద్ద అక్షరాలతో రాసి చూపించింది. 'నాకు ఉత్తరాలు రాసేది నువ్వేనా?'

పిల్ల బావ వైపు చూసింది. బావ నవ్వుతూ తల ఊపాడు. ఆ పిల్ల బలపం తీసుకుని, తల వంచుకుని, శ్రద్ధగా రాసింది.

'కాదు. సారు రాస్తారు. ఎడమ చేత్తో.'

చెవులు వినపడకపోతే కళ్ళు కూడా కనపడవనుకున్నాడు మా బావ. కిటికీ అవతల పెరట్లో పిల్లలు రోజూ ఆడుకుంటారు. ఆయన ఎడమ చేత్తో ఎలా కుస్తీ పడతాడో అభినయించి చూపించడం వాళ్ళకు పెద్ద ఆటట. ఆ సంగతి తరువాత వంటామె చెప్పింది.

టీచరు అరవలేదు. ఆ పిల్ల తల నిమిరి లోపలికి పంపించింది. సంచిలోంచి దారం గుచ్చిన ఉత్తరాల కట్ట తీసి బల్ల మీద పెట్టి, ఒకటి ఏరి బయటికి లాగింది.

"పొద్దున్నే పిట్టల కూతలు వింటే మీరే గుర్తొస్తారు అని రాశావు బాబూ," అంది. "వినపడని పిల్ల చేత రాయించావు. నేను చదివి, పాపం ఊహించుకుంటోంది కాబోలు అనుకున్నాను. ఏడ్చాను కూడా. నా వయసు డెబ్భై ఒకటి."

పిల్లల మంచి కోసమేనండీ అని బావ మొదలుపెట్టాడు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది అతని వాలకం. ఆమె చెయ్యి ఎత్తి ఆపి, ఫోటోలో ఉన్న పిల్ల ఎవరో, ఎక్కడుందో మాత్రం చెప్పమంది. అతనికి తెలియదు. పదమూడేళ్ళు ఎవరి మొహం చూపించి బతికాడో, ఆ మనిషి ఉందో పోయిందో అతనికి తెలియదు. గుమ్మంలో నిలబడి చూస్తున్న వంటామె చెప్పింది, మూడు వీధుల అవతల బట్టలు కుట్టే దుకాణంలో ఉందని.

టీచరు బావను వెంటబెట్టుకుని వెళ్ళింది. నన్నూ రమ్మంది. అచ్చువేసింది మీరే కదా అంది. ఆమె అలా అన్నప్పుడు నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

దుకాణంలో నాలుగు మిషన్లున్నాయి. కిటికీ పక్క మిషను మీద ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఒక చొక్కాకు కాలరు అతుకుతోంది. మనిషి పొడవుగా, తీరుగా ఉంది. టీచరు ఉత్తరం ఆమె ముందు పెట్టింది. ఆ అమ్మాయి దానిమీదున్న తన చిన్నప్పటి ఫోటో చూసి ముందు నవ్వింది. పక్క మిషనామెకు చూపించింది. తరువాత ఉత్తరం చదవసాగింది. చదువుతూ చదువుతూ మిషను మీంచి కాలు తీసేసింది. చివర ఉన్న తేదీని వేలితో రెండుసార్లు తడిమింది. అప్పుడు బావను చూసి గుర్తుపట్టింది. కొలతలు రాసుకునే పుస్తకం లాక్కుని, ఆపకుండా రాసి టీచరుకిచ్చింది.

'ఆ రోజు పన్ను నొప్పికి ఏడుస్తున్నాను. ఈయన ఫోటో తీస్తూ ఇంకొంచెం ఏడవమన్నారు. ఏడిస్తే బిస్కట్టు ఇస్తానన్నారు. నేను అయిదేళ్ళ నుంచి సంపాదించుకు తింటున్నాను. నా పేరు మీద అడుక్కోవద్దని చెప్పండి.'

టీచరు ఆ కాగితం బావ చేతికిచ్చి చదవమంది. చదివి మడిచి జేబులో పెట్టుకోబోయాడు. ఆ అమ్మాయి లేచి వచ్చి, దాన్ని అతని చేతిలోంచి తీసేసుకుంది. బయటికొచ్చాక బావ నాతో గొణిగిన మొదటి మాట, ఇది పేపర్లో పడదు కదా అని.

మర్నాడు హాస్టలు కార్యదర్శి దగ్గర పంచాయతీ జరిగింది. ఆయన ఒక రిటైరైన ఇంజనీరు, నోట్లో నాలుక లేని మనిషి. ఇన్నేళ్ళుగా సొమ్ము వస్తోంది కదా అని ముందు గదిలోకి తొంగిచూడని మంచివాడు. అలాంటి మంచితనం కన్నా చెడ్డతనమే నయం. టీచరు అడిగింది ఒకటే. జరిగింది జరిగినట్టు ప్రతి దాతకూ ఉత్తరం రాయాలి, అందులో ఆ ఫోటో ఉండకూడదు. అలా చేస్తే పిల్లలు పస్తులుంటారన్నాడు బావ. అబద్ధం మీద తిన్న అన్నం ఎన్నాళ్ళు అరుగుతుందో మీకే తెలియాలి, మీరు రాయకపోతే నేను రాస్తానంది టీచరు. కార్యదర్శి సంతకం పెట్టాడు. ఆ ఉత్తరం అచ్చుకు నేను డబ్బు పుచ్చుకోలేదని చెప్పాలని ఉంది. పుచ్చుకున్నాను.

జవాబులు నెలరోజులు వచ్చాయి. మూడోవంతు మంది చందా ఆపేశారు. అందులో మోసపోయామన్న కోపం కొందరిది. ఎక్కువమంది కోపం మాత్రం నిజం చెప్పినందుకు. హాల్లో అద్దం కట్టించిన ఉత్తరం ఇప్పుడు దించాలా అని ఒక ప్లీడరు నిలదీశాడు. చెప్పకుండా ఉంటే అందరికీ బాగుండేది కదా అని ఒక పెద్దావిడ రాసింది. మిగిలినవాళ్ళకు టీచరు స్వయంగా ఫోన్లు చేసింది, ఆ బెంచీ మీదే కూర్చుని. గొంతు వణికించలేదు. వినికిడి యంత్రాల బ్యాటరీలు ఎన్నాళ్ళొస్తాయో, ఎన్ని కావాలో చెప్పేది. ఇస్తే ఏం కొన్నామో రాస్తాననేది, ఇవ్వకపోతే సరే అనేది. ఎవరి అట్టముక్కల్లోనూ మోకాళ్ళ నొప్పులు రాసుకోలేదు. ఆ ఏడాది హాస్టలు ఇబ్బందిపడింది. రెండో అంతస్తు కప్పు కారుతుంటే బాగుచేయించలేకపోయారు. పస్తులు మాత్రం ఎవరూ లేరు. పాత మొత్తం ఇంకా రావడం లేదు. ఎప్పటికైనా వస్తుందో లేదో నాకు తెలియదు.

బావను రాజీనామా చెయ్యమన్నారు. చేశాడు. రెండు నెలలు ఇంట్లో కూర్చుని, లోకానికి మంచి చేస్తే ఇదే గతి అని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పాడు. మూడో నెలలో వీధికుక్కల ఆశ్రమం ఒకటి అతన్ని పిలిచి ఉద్యోగం ఇచ్చింది. అనుభవం ఉంది కదా.

ఆ సంతోషంలో నన్ను భోజనానికి పిలిచారు. బావ మంచి హుషారు మీదున్నాడు. కుక్కలతో పేచీ లేదు బావమరిదీ అన్నాడు. వాటికి తరగతులుండవు, అవి కాగితాల మీద ఏమీ రాసివ్వవు అన్నాడు. ఒక కాలు లేని కుక్కను అప్పుడే చూసి పెట్టుకున్నాడట. నేను పళ్ళెంలోకి చూస్తూ ఊ కొట్టాను. పదిహేనేళ్ళుగా నేను చేసిన పని అదే.

మా అక్క ఇన్నాళ్ళూ ఈ గొడవ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ రోజు గరిటె పట్టుకుని నిలబడి అడిగింది.

"ఏవండీ, మన అమ్మాయికి జ్వరమొచ్చి చిక్కిపోయినప్పుడు మీరో ఫోటో తీశారు కదా. అదెక్కడుంది?"

"ఆల్బంలో ఉంటుంది. ఇప్పుడెందుకు?" అన్నాడు బావ.

అక్క గరిటె కింద పెట్టి లోపలికెళ్ళింది. బీరువా తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆల్బం పేజీలు తిప్పుతున్న చప్పుడు మాకు వినిపించాయి. చాలాసేపు తిప్పింది. తిరిగొచ్చి, ఉంది అని మాత్రం అంది. ఆమె మొహంలో నాకు ఊరట కనిపించలేదు. వెతకాల్సి వచ్చినందుకు సిగ్గు కనిపించింది.

బావ ఆ మొహం చూశాడో లేదో. కూర బాగుందనీ, ఇంకొంచెం వెయ్యమనీ పళ్ళెం ముందుకు జరిపాడు.