బోర్డు మీద ఖాళీ గీత

మా మాస్టారు పోయారు. అమెరికాలో చెరోకీ ఆదివాసులకి నాయకుడాయన. వాళ్ళ భాష, వాళ్ళ బడులు నిలబెట్టడానికి జీవితమంతా తిరిగిన మనిషి. నాకు మాత్రం మెల్‌బోర్న్‌లో చదువుకునే రోజుల్లో అతిథిగా వచ్చి ఒక్క టర్ము పాఠం చెప్పిన మాస్టారు.

కబురు ఇప్పుడు మేముండే స్కోఫీల్డ్స్‌లో మా వంటింట్లోకి మనవరాలి ఫోన్లోంచి వచ్చింది. "అమ్మమ్మా, మీ చెరోకీ సార్ పాస్డ్ అవే. నైంటీ వన్ అట."

"మంచి వయసే," అని పప్పులో తాలింపు వేశాను. నా వయసుకి చావు కబుర్లు లెటర్‌బాక్సులో కేటలాగుల్లా వచ్చిపడుతుంటాయి.

క్లాసులో ఆయన మా మధ్యే కుర్చీ లాక్కుని కూర్చునేవారు. ప్రశ్న వేసి ఊరుకునేవారు. ఆ నిశ్శబ్దం భరించలేక ఏమీ తెలియనివాళ్ళు కూడా ఏదో ఒకటి వాగేవాళ్ళు. అందులో నేనే ముందు.

మొదటిరోజు ముందుగా తన తల్లి పేరు చెప్పుకుని, మమ్మల్నీ పరిచయం చేసుకోమన్నారు. నేను లేచి ఇంటిపేరు, నాన్న, తాత, ముత్తాత, ఆయన వెలగబెట్టిన కరణీకం, అన్నీ గడగడా అప్పజెప్పాను.

"వాళ్ళంతా సరే. నువ్వు ఏ అమ్మ బిడ్డవి?" అన్నారు.

చెరోకీల్లో వంశం తల్లి వైపు నుంచి వస్తుందని నాకప్పుడు తెలీదు. అమ్మ పేరు చెప్పాను. కాస్త తడుముకుని అమ్మమ్మ పేరూ చెప్పాను.

"ఆవిడ తల్లి?"

ఆవిణ్ణి మా ఇంట్లో అందరూ ముసలమ్మ అనేవారు. రెండు ఎం.ఏ.లు చేసినదాన్ని, అంతమందిలో ముసలమ్మ అని ఎలా చెప్పను? అసలు పేరు తెలీదన్నాను.

ఆయన నవ్వలేదు. బోర్డు మూల మా ఆడవాళ్ళ పేర్లు కింది నుంచి పైకి రాసి, పైన ఖాళీ గీత గీసి, పక్కన 'తుడవొద్దు' అని రాశారు. "తండ్రుల పేర్లు రాయడానికి ప్రభుత్వాలున్నాయి. వీళ్ళకి మీరే ఉన్నారు."

అమ్మకి ఉత్తరం రాశాను. ఐదు వారాలు ఆ గీత నన్నే చూస్తూ కూర్చుంది. చివరికి జవాబొచ్చింది: "అంత దూరం పోయి చదివేది ఇదా? నాకూ తెలీదు. మా పిన్ని మంచంలో ఉంటే వెళ్ళి అడిగాను. వెంకట సుబ్బమ్మట. వాళ్ళమ్మ పేరు ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదని ఏడ్చింది." నెల తిరక్కుండా ఆ పిన్నీ పోయింది.

మాస్టారు సుద్దముక్క నా చేతికే ఇచ్చారు. నేను పేరు రాస్తుంటే ఆయన లేచి నిలబడ్డారు, ఎవరో పెద్దావిడ గదిలోకి వచ్చినట్టు.

ఆయన పోయిన వార్తతో పాటు పత్రికలో పదవులన్నీ వేశారు. తల్లి పేరు లేదు. మొదటిరోజు ఆయన చెప్పిన ఆ పేరు నాకూ గుర్తు లేదు. అందుకు సిగ్గుపడుతున్నాను.

ఇదంతా మనవరాలికి చెప్పాను. అది ఫ్రిజ్ మీది వైట్‌బోర్డులో, సరుకుల జాబితా పక్కన, తన పేరు, తల్లి పేరు, నా పేరు, అలా పైకి రాసుకుంటూ పోయి వెంకట సుబ్బమ్మ దగ్గర ఆగింది.

"అండ్ హర్ మమ్?"

"తెలీదే. అడగడానికి ఎవరూ లేరు."

అది పైన గీత గీసి, పక్కన 'డోంట్ రబ్' అని రాసి, యూనివర్సిటీకి వెళ్ళిపోయింది.

కొత్తిమీర, టిష్యూలు తెచ్చేశాం. జాబితాలో వాటిని తుడిచేశాను. గీత అలాగే ఉంది.