మా మేడం సహనమూర్తి కాదు

మా మేడం పోయారన్న కబురు పోయిన ఆదివారం పొద్దున్నే వచ్చింది. గుండెపోటు. ఆ సాయంత్రమే నౌపడలో, వాళ్ల చర్చి వెనక సమాధుల తోటలో పెట్టేశారు. అక్కడ మా ఆస్పత్రి డైరెక్టరుగారు నాలుగు మాటలు మాట్లాడుతూ ఆవిడను ‘సహనమూర్తి’ అన్నారు. గుప్పిట్లో మట్టి పట్టుకుని నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది. సహనమా? మా మేడంకా? ఆవిడ సహించి ఊరుకోలేదు కాబట్టే కొందరు రోగుల బాధ తగ్గింది.

విజయనగరంలోని మా ఆస్పత్రిలో మూలకణాలను గడ్డకట్టించి దాచే గదికి ఆవిడ పెద్ద. నేను ఆవిడ దగ్గరే పని నేర్చుకున్నాను. కొన్ని రక్త క్యాన్సర్లలో రోగి మూలకణాలు ముందే తీసి దాచుతాం. గట్టి మందులతో జబ్బును అణచాక వాటిని తిరిగి ఆ మనిషికే ఎక్కిస్తాం. ఊరికే గడ్డకట్టిస్తే లోపల మంచు పలుకులు ఏర్పడి కణాన్ని చీల్చేస్తాయి. అందుకని డీఎంఎస్ఓ అనే ద్రవం కలుపుతాం. చలిలో కణాలను కాపాడే ఆ ద్రవమే, కరిగించి ఎక్కించేటప్పుడు మనిషిని కుదిపేస్తుంది.

సీసా మీద నంబరు చదివి ‘ఈ శాంపిల్...’ అని మొదలుపెడితే మేడం నన్ను ఆపేసేవారు. “శాంపిలేటి? ఎవరివో సెప్పు.” మామూలుగా పుస్తకంలా మాట్లాడే ఆవిడకు, కోపం వస్తే నౌపడ మాట వచ్చేసేది.

ఒకసారి భావనపాడు వైపు నుంచి వచ్చిన, చేపలమ్ముకునే ఒకావిడకు కణాలు ఎక్కిస్తున్నారు. సగం ఎక్కకుండానే వాంతులు. ఆ ద్రవం ఆమె ఊపిరిలోంచి బయటికొచ్చి గదంతా ఘాటు వాసన. ఆమె మేడం చెయ్యి పట్టుకుంది.

“అమ్మా, సేపలమ్మినదాన్ని, కంపు నాకు కొత్త కాదు. ఇదేటమ్మా, నా ఊపిరే నాకు పడతన్లేదు?”

“ఇది మామూలే, తట్టుకుంటారు,” అన్నాడు డ్యూటీ డాక్టరు.

“ఎవరికి మామూలు? మీకా, ఆమెకా?” అన్నారు మేడం.

కాసేపటికే ఆమె బీపీ పడిపోయింది. ఐసీయూకి తీసుకుపోయారు. బతికింది. మేడం మాత్రం ఆ రోజు నుంచి కుదురుగా లేరు.

రోగులు అనుమతిచ్చిన మిగులు కణాలతో పరీక్షలు మొదలుపెట్టారు. ద్రవాన్ని సగానికి తగ్గించి, కణాన్ని బయటినుంచి కాచే ఒక రకం చక్కెర కలిపారు. మొదట్లో కరిగించి చూస్తే చాలా కణాలు చచ్చిపోయి ఉండేవి. “సచ్చిన కణాలు ఎక్కించి ఆళ్లనేటి బతికిస్తాం?” అని తనమీద తానే విసుక్కుని, చల్లబరిచే వేగం మార్చి మళ్లీ చేసేవారు. చివరికి పాత పద్ధతిలో ఎన్ని బతుకుతున్నాయో ఇందులోనూ అన్నే బతికాయి. గిన్నెలో పెంచితే పెరిగాయి కూడా.

ఆ ఫలితాలతో డైరెక్టరుగారి దగ్గరికి వెళ్లినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. మొన్న సమాధి దగ్గర సహనమూర్తి అన్న ఆ పెద్దమనిషే ఆనాడు కుర్చీలో వెనక్కి వాలి, “పాత పద్ధతిలో ఎవరూ చావట్లేదు కదమ్మా, ఇప్పుడు ఇదెందుకు?” అన్నారు.

“సావకపోతే సాలా?” అన్నారు మేడం. “ఆ మంచం మీద మీరు పడుకుని అప్పుడు సెప్పండి.”

ఏళ్ల తరబడి ఆ ఫైలు కదల్లేదు. ఆవిడ నోటిదురుసు మనిషని పేరు మాత్రం ఊరంతా పాకింది. అయినా ప్రతి సమావేశంలోనూ లేచి అదే అడిగారు. ఆవిడ రిటైరయ్యే ముందు గాని డైరెక్టరుగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు మా దగ్గర అదే పద్ధతి. ఆవిడ పేరు ఎక్కడా లేదు.

కొత్త పద్ధతిలో మొదట ఎక్కించింది నరసన్నపేట ఆటో డ్రైవరుకు. మేడం లోపలికి రాలేదు. అద్దం బయటే నా పక్కన నిలబడిపోయారు; లోపలి మాటలు మాకు వినబడుతున్నాయి. కణాలు ఎక్కుతుంటే అతను భార్యకు ఫోన్ చేసి, “ఏటీ అవ్వలేదే, టీ తాగుతన్నాను,” అంటూ బిస్కట్టు టీలో ముంచాడు. అది మెత్తబడి కప్పులో పడిపోయింది. దాన్ని చెంచాతో తీయబోతూ తనలో తనే నవ్వుకుంటున్నాడు. పక్కకు తిరిగి చూశాను. “ఇన్నేళ్లు పట్టాలేటి దీనికి?” అంటున్న మేడం మాస్కు తడిసి ముఖానికి అంటుకుపోయి ఉంది.