గట్టు మాస్టారు నీళ్లలో పడిన వైనం

కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే ఆయన్ని అందరూ గట్టు మాస్టారనే పిలుస్తారు. ఏ పాఠమైనా సరే, ముందు బోర్డు మీద ఒక గట్టు గీయాల్సిందే. "ఇటు పాత పదార్థం, అటు కొత్త పదార్థం, మధ్యలో గట్టు. ఎక్కేంత శక్తి ఉన్న అణువులే అవతలికి పోతాయి. గట్టు ఎత్తయితే చర్య నత్తనడక, పొట్టిదైతే పరుగు" అంటారు. గట్టు నెత్తిన ఉండే ఆ క్షణమంటే ఆయనకి మహా ముద్దు. అక్కడున్నది పాతదీ కాదు, కొత్తదీ కాదు, రెంటికీ చెడ్డ రేవడి.

ఇంతా చెప్పి, తాను మాత్రం ఏ గట్టూ ఎక్కే రకం కాదు. చన్నీళ్ల స్నానమంటే ముందు బొటనవేలితో సంప్రదింపులు జరుపుతారు. అలాంటి మనిషి, ఈతకొలనులో ఎత్తు పలక మీంచి దూకడానికి భయపడి ఏడుస్తున్న కూతురితో, "నువ్వు దూకమ్మా, నీ వెనకే నేనూ దూకుతా" అనేశారు. అది దూకుతుందని కలగన్నారా! దూకేసింది.

ఇప్పుడు పలక చివర ఆయన. ఈత వచ్చు గానీ దూకడమే రాదు. ముందు నుయ్యి, వెనక నిచ్చెన నిండా పిల్లలు. కింద నీళ్లలోంచి కూతురు తలెత్తి చూస్తోంది. ఇప్పుడు దిగిపోతే నాన్న మాట అది జన్మలో నమ్మదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కాళ్లు మాత్రం వినలేదు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ పాఠం ఎత్తుకున్నారు.

"చూడండి పిల్లలూ, గట్టు నెత్తిన ఉన్న అణువు అటైనా జారొచ్చు, ఇటైనా..."

"మీరెటు జారతారో తొందరగా తేల్చండి సార్, చలేస్తోంది!" అని నిచ్చెన మీంచి కేక.

ఇంతలో కూతురు పిల్లల్ని తోసుకుంటూ పైకొచ్చింది. నలుగురిలో నిలదీస్తుందేమోనని ఆయన బిక్కచచ్చిపోయారు. అది తడి చెయ్యి ఆయన చేతిలో పెట్టింది.

"ఉత్ప్రేరకం గట్టుని తవ్వెయ్యదు, సులువైన దారి చూపిస్తుంది అని అన్నం దగ్గర కూడా చెప్తావుగా నాన్నా. దా, కింది పలక మీంచి దూకుదాం. దూకుతానన్నావు గానీ, ఇక్కణ్ణించే అనలేదుగా."

పిల్లలు సణుక్కుంటూ దారిచ్చారు. ఇద్దరూ చేతులు పట్టుకుని కింది పలక మీంచి దూకారు.

మాస్టారు దగ్గుతూ, తుమ్ముతూ పైకి తేలి, ఆ చిన్న చెయ్యి కోసం నీళ్లలో తడిమారు. లేదు. అది అప్పుడే వదిలించుకుని, ఎత్తు పలక నిచ్చెన మళ్లీ ఎక్కేస్తోంది.

మర్నాడు క్లాసులో ఎప్పటిలాగే గట్టు గీశారు. ఉత్ప్రేరకం పని కాగానే చెయ్యి వదిలేసి, ఎలా వచ్చిందో అలాగే వెళ్లిపోతుందని చెబుతూ కళ్లూ ముక్కూ తుడుచుకున్నారు. పిల్లలు జలుబనుకున్నారు.