చింతచెట్టు మీద మా అమ్మ ఎక్కించిన దయ్యం

చింతపండు గొప్పతనం చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. వేడి తగ్గిస్తుందట, మలబద్ధకం పోగొడుతుందట, ఎక్కడో ఆఫ్రికాలో పుట్టి ఓడలెక్కి మన దేశానికి వచ్చిందట. వచ్చి ఊరుకోక మా పుట్టింటి ముందే ఎందుకు మొలిచిందో మాత్రం ఎవరూ చెప్పరు.

మా పుట్టిల్లు ఇందుకూరుపేట దగ్గర, మైపాడు పోయే దోవ పక్కన. నాకు పెళ్లి కాకముందు, యాభైల చివరి మాట. మైపాడు నుంచి చేపల గంపలు ఎత్తుకొచ్చే ఆడవాళ్లు ఎండకు తాళలేక మా చింతచెట్టు కింద గంపలు దించేవాళ్లు. రాలిన కాయలు నాలుగు ఏరి కొంగున కట్టుకునేవాళ్లు. వాళ్లకు చేపలున్నాయి గానీ ఆ ఇసుక నేలలో చింతచెట్లు లేవు, పులుపు లేకపోతే పులుసెట్లా? మా అమ్మ చేపలు తీసుకుని బదులుగా చింతపండు ఇచ్చేది. రాలినవి ఏరుకుంటే ఇక తన చింతపండు ఎవరికి కావాలని ఆమె ఏడుపు.

తిట్టి చూసింది. వాళ్లకూ నోరుంది, తిరిగి తిట్టారు. దాంతో ఒకరోజు వంటింట్లో చింతపండు గింజ తీస్తూ, నా ఎదురుగానే, ఒక దయ్యాన్ని పుట్టించింది. పులుపు మీద ఆశ తీరకుండా చచ్చిపోయిన నిండు చూలాలు. చెట్టు మీద కూర్చుని, కడుపుతో ఉన్నవాళ్లు కిందికి వస్తే పట్టుకుంటుంది. గంపలెత్తే ఆడవాళ్లలో ఎప్పుడూ ఎవరో ఒకరు కడుపుతో ఉంటారు, వాళ్లు బెదిరితే మిగతావాళ్లూ రారని అమ్మ ఎత్తు.

"ఎవురన్నా నమ్ముతారా అమా?" అని అడిగాను.

"చింతచెట్టంటేనే జనం సగం నమ్మేస్తారు. మిగతా సగం నేను చూసుకుంటాలే" అంది.

నమ్మారు. కొద్దిరోజుల్లోనే చెట్టు కింద నరపురుగు లేదు. గంపలు దోవకు ఆ పక్కగా, గబగబా నడిచిపోయేవి. నెలలు నిండిన ఒకామె ఎండలో తూలుతూ పోతుంటే, అరుగు మీద కూర్చుని మా అమ్మ నవ్వుకుంది. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ అసహ్యమే.

తర్వాత నన్ను సూళ్లూరుపేటలో ఇచ్చారు. అరవైల మొదట్లో నాకు నెల తప్పింది. అన్నం చూస్తే వాంతి. వేవిళ్లకు చింతపండు చారే మందని మా అత్త పూటపూటా పోసేది, అదీ కక్కేదాన్ని. నాకు కావలసింది ఒక్కటే. మామిడికాయ ముక్కలు వేసి, మట్టి చట్టిలో ఒక పూట ఊరనిచ్చిన మా అమ్మ చేతి చేపల పులుసు. తొలికాన్పు పుట్టింట్లోనే గదా, ఏడో నెల వస్తే పోతాను, అమ్మ దగ్గరే కంటాను అనుకుని ఓర్చుకున్నాను.

ఏడో నెలలో అమ్మ రైలెక్కి వచ్చింది. మా అత్త పంపనంది.

"మీ ఇంటి ముందర చూలాలి దయ్యం ఉండాదంట గదా వదినా. కడుపుతో ఉండే వాళ్లనే పట్టుద్దంట."

ఆ కథ చేపల గంపల వెంటబడి సూళ్లూరుపేట దాకా వచ్చేసింది. అమ్మ ముఖాన కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు.

"అదంతా నేను పుట్టించిన మాట వదినా. కాయలు ఏరకుండా చెప్పినా."

"కూతుర్ని తీసకపోవాలంటే ఏ తల్లైనా అట్నే చెప్తుంది."

నేనూ చెప్పాను, నా చెవులతో విన్నానని. నీది పుట్టింటి యావ, నోరు మూసుకోమంది. మా ఆయన పేపరు చాటున దాక్కున్నారు. అబద్ధం చెబితే ఊళ్లకు ఊళ్లు నమ్మాయి, నిజం చెబితే ఒక్క మనిషి నమ్మలేదు.

అమ్మ ఇంటికి పోయి చెట్టు కొట్టించింది. ఊళ్లోవాళ్లు దయ్యానికి జడిసి గొడ్డలి ముట్టకపోతే, సంగతి తెలియని పొరుగూరి వాళ్లను పిలిపించింది. కొమ్మ విరిగి ఒకతని కాలి మీద పడింది. వాపు లాగేస్తుందని ఆ చెట్టు ఆకే ఉడకేసి కట్టారు. ఏం లాగిందో ఏమో, అతను మళ్లీ సరిగా నడవలేదు. "చూసినారా, ఎట్ట పగబట్టిందో" అని ఊరు ఊరంతా అంది. ఆ మాట అమ్మ వినని రోజు లేదు.

చెట్టు పోయింది, ఇక పంపండని కబురు పెట్టింది. మా అత్త ముక్కు మీద వేలేసుకుంది.

"చింత చచ్చినా పులుపు చచ్చుద్దా? దానికిప్పుడు చెట్టు గూడా లేకపాయె. ఇంట్లోకే వచ్చుంటుంది."

కాన్పు అత్తింట్లోనే అయింది. నొప్పులప్పుడు అమ్మా అని అరిస్తే పలకడానికి అమ్మ లేదు. ఆ కోపం ఇన్నేళ్లైనా చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోలేదు కూడా.

పురుడు వెళ్లాక అమ్మ వచ్చింది. సగమైపోయి ఉంది. లోపలికి రమ్మన్నా రాకుండా గడప బయటే నిలబడింది. బిడ్డా నేనూ బాగానే ఉన్నాం గనక మా అత్త కాస్త మెత్తబడింది. పిల్లను తీసుకుపోయి, "ఎత్తుకో వదినా, నీ మనవరాలు" అని అందించబోయింది.

అమ్మ వెనక్కి జరిగింది. చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దులే వదినా. చెట్టు కొట్టించింది నేనే గదా. నా వెంటబడి వచ్చుంటుందేమో."

"అమా, అది నువ్వు చెప్పిన అబద్ధం! నా ముందరే పుట్టించినావు!" అని మంచం మీద నుంచి అరిచాను.

"అప్పుడు అబద్ధమేలే" అంది అమ్మ, పిల్ల వైపు చూడకుండా.