తేనెలో నూరని గోలీ

ఈసారి బోనం నువ్వే ఎత్తాలని అమ్మ చెప్పినప్పటి నుంచి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మొఘల్‌పురాలోని మా ఇంటి బోనం ఇరవై ఏళ్ళుగా అమ్మే ఎత్తింది. ఇప్పుడు మోకాళ్ళు మొరాయించాయి. నేను ఆఫీసులో సగం మందికి చెప్పేశాను, పసుపు చీర కొన్నాను. ఖాళీ బిందె నెత్తిన పెట్టుకుని వరండాలో నడక నేర్చుకుంటుంటే పక్కింటివాళ్ళు నవ్వారు. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

ఆదివారం బోనాలనగా సోమవారం దగ్గూ జ్వరమూ పట్టుకున్నాయి. ఒళ్ళు జ్వరంతో కంటే కోపంతో ఎక్కువ మండింది. డాక్టరు ఛాతీ పరీక్షించి ఏడు రోజులకు యాంటీబయాటిక్ రాశారు. జ్వరం తగ్గితేనే బోనం అన్నారు. గోలీ ఎలా వేసుకోవాలో కూడా చెప్పారు కానీ, నా మనసు బోనం దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ నా పరువు తీసే సంగతొకటి ఒప్పుకోవాలి. ఇరవై ఆరేళ్ళొచ్చినా నాకు గోలీ మింగడం రాదు. చిన్నప్పుడొకటి గొంతుకు అడ్డం పడింది. అప్పటి నుంచి ఏ గోలీ అయినా అమ్మ నూరి, తేనెలో కలిపి నాకించేది. ఆ సాయంత్రమూ అదే చేసింది. కాసేపటికే కడుపులో తిప్పి అంతా కక్కేశాను.

గల్లీ చివర మందుల షాపు పెద్దాయన దగ్గరికి పరుగెత్తాం. విషయం విని తల పట్టుకున్నాడు.

"నూరిండ్రా? దీనిమీద పూత ఊకెనే ఎయ్యలే బేటా. మందు కడుపుల ఇప్పుకోవద్దు, పేగులకు పోయినంక ఇప్పుకోవాలె. నూరితె పూత ఖతం. ఇగ కక్కుడు రాక ఏమైతది?"

"దానికి మింగరాదు భాయ్," అంది అమ్మ.

"బోనం మోస్తది గానీ గోలీ మింగదా?"

షాపు ముందున్న వాళ్ళంతా నా వైపు చూశారు. ఆయన డాక్టరుకు ఫోన్ చేశాడు. కక్కినదానికి బదులు ఇంకోటి వద్దు, పొద్దున వేళకే వేసుకోమన్నారట.

"గ్లాసు నిండ నీళ్ళు తాగాలె, గుక్కెడు గాదు. అర్ధగంట నిటారుగ కూసోవాలె. పండుకుంటే గొంతుల అతుక్కుని మండుతది. పాలు, చాయ్, గ్యాస్ మందు దీనితోటి వద్దు. తగ్గిందని నడుమల బంద్ చెయ్యకు."

ఇంటికొచ్చి చక్కెర పూసిన సోంపు గింజలు ఒక్కొక్కటే నీళ్ళతో మింగి సాధన చేశాను. పొద్దున గోలీ నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని గటగటా తాగాను. పోయింది. ఆనందం పట్టలేక లేవబోతే అమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"అర్ధగంట కాలే. కూసో."

గురువారానికి జ్వరం పోయింది. మస్తుగా ఆకలేసింది. అప్పుడు మొదలైంది నా ఫికర్. ఆఖరి రోజు గోలీలు ఆదివారానికే పడ్డాయి. ఆ రోజు ఒక్కపొద్దు. అమ్మవారికి బోనం అప్పజెప్పేదాకా చుక్క నీళ్ళు ముట్టకూడదు, ఇరవై ఏళ్ళలో అమ్మ ఒక్కసారీ ముట్టలేదు. నీళ్ళు తాగుతానంటే బోనం ఎత్తనివ్వదేమో అని భయం. ఎలాగూ తగ్గింది కదా, ఒక్క పూట మానేస్తే ఏమవుతుందిలే అని గుట్టుగా తీర్మానించుకున్నాను.

ఆదివారం చీర కట్టుకుని, పారాణి పెట్టుకుని సిద్ధమయ్యాను. బోనానికి వేపాకులు చుట్టి దీపం పెట్టారు. గల్లీలో డప్పులు మొదలయ్యాయి. అమ్మ ఒక చేతిలో పెద్ద గ్లాసుతో, ఇంకో చేతిలో గోలీతో వచ్చింది.

"ఒక్కపొద్దు కదమ్మా," అన్నాను.

"భాయ్‌ని అడిగొచ్చిన. డాక్టరమ్మను గూడ అడిగిన. మందు ఆపొద్దన్నరు. తాగు."

చివరి చుక్క దాకా తాగించింది. డప్పులు మా గుమ్మం ముందుకొచ్చాయి. నా కాళ్ళు ఆగడం లేదు. అమ్మ నా మణికట్టు పట్టుకుని గడియారం వంకే చూస్తూ కూర్చుంది. అర్ధగంట నిండాకే లేచి, బోనం తన చేతులతో ఎత్తి నా నెత్తిన పెట్టింది. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఈ ఏడు తను మోయడం లేదు కదా, నీళ్ళు తాగవచ్చు కదా అన్నాను.

"నీ ఒక్కపొద్దు నేనున్న. నువ్వు నడువు," అంది.